చివరి అంకె

తొమ్మిదంకెల్లో ఎనిమిదే వచ్చాయి. తొమ్మిదోది సముద్రం మీదే ఎక్కడో పోయింది. హార్బరు ఆఫీసు వైర్‌లెస్ గదిలోంచి తహీర్ బయటికి వచ్చి, వరండాలో తడిగోడకు ఆనుకుని కూర్చున్న ఆడవాళ్ల ముందు నిలబడ్డాడు. మూడు పడవల తాలూకు ఆడవాళ్లు. అందరూ ఒక్కసారి తలలెత్తారు. "నాలుగు, ఒకటి, తొమ్మిది. ఆరు, ఏడు, సున్నా. రెండు, ఐదు... ఆ పైది వినపడలేదమ్మా, లైను తెగిపోయినాది. యాదో సరుకు ఓడంట, మునిగిపోతా ఉండే పడవను చూసి నలుగుర్ని పైకి లాక్కున్నారంట. ఆ ఓడ మాట మనకు అందదు, నడిమిన ఉండే ఇంకో ఓడ విని మనకు చెప్తుండాది. పడవ ఎవురిదో చెప్పలేదు, మిషను నంబరు మటుకే చెప్పినారు. మీలో ఎవురికన్నా ఈ నంబరు తెలుసునా?"

ఎవరికీ తెలియదు. పడవ పక్కన పెద్ద అక్షరాలతో రంగు వేసి రాసే నంబరైతే చంటిపిల్లలు కూడా చెబుతారు. ఇది అది కాదు. ఎండాకాలంలో ప్రతి పడవలోనూ బిగించిన చిన్న నల్లపెట్టె నంబరు, ఆపదలో ఆ పెట్టె తనంతట తాను గాలిలోకి చెప్పుకునే నంబరు. ఏది ఎవరిదో చూద్దామంటే నెట్టు లేదు, తుఫానుకు టవర్లు పడిపోయాయి, కరెంటు లేదు, ఆఫీసు వెనక జనరేటరు మాత్రం దగ్గుతూ ఆగుతూ నడుస్తోంది. దుర్గకూ తెలియదు. హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి, పిల్లల రోల్ నంబర్లు కూడా చూడకుండా చెప్పే మనిషి, సొంత మొగుడి పడవ నంబరు నోటికి రాదు. సుబ్బుకు వచ్చు. సుబ్బు దాన్ని పాటలా చెబుతాడు. ఆ పాట వినడం తప్ప పట్టించుకోలేదు, అడిగితే చెప్పడానికి అతను ఉన్నాడు కదా అనుకుంది, అడగడానికి అతను లేని రోజు ఒకటి వస్తుందని ఎవరు అనుకుంటారు. కానీ ఏదో గుర్తుంది. అంకెలు కాదు, ఆ సంఖ్య గుణం గుర్తుంది. మొహం మరిచిపోయిన మనిషి నడక మాత్రం గుర్తున్నట్టు. ఎక్కడ, ఎప్పుడు, ఏం అన్నాం ఆ రోజు?

ఆదివారం అది. నల్లపెట్టె బిగించుకుని వచ్చి సుబ్బు, ఇంజను చూసే హెబ్రోను, ఇద్దరూ చేతులు కడుక్కుని పులుసు ముందు కూర్చున్నారు. హెబ్రోను చేతులకు ఎంత కడిగినా డీజిల్ వాసన పోదు. సుబ్బు నంబరు చెప్పగానే అత్త మాలకొండమ్మ గరిటె పక్కన పెట్టి వేళ్ల కణుపుల మీద కూడింది. "ముప్పై అయిదు. మూడూ అయిదూ ఎనిమిది. శని నంబరురా అబ్బయా, మార్చమని చెప్పు." "మార్చరే అమ్మా, అది గవర్నమెంటోళ్లు ఇచ్చింది." అప్పుడు దుర్గ నవ్వింది, ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే పళ్లు జిల్లుమంటున్నాయి, నవ్వి అంది: అత్తా, మీరు చూసే ఆ టోటలు అంటే ఆ సంఖ్యను తొమ్మిదితో భాగిస్తే మిగిలే శేషం, ఇంకేమీ కాదు, తొమ్మిది పడవల్లో ఒక పడవకు ఎనిమిది వస్తుంది, రావాలి. అత్త ఆమె మొహంలోకి చూసి మెల్లిగా అడిగింది. "ఆ ఒకటి మనకే ఎందుకు రావాల?" దుర్గ మాట మార్చడానికి, టోటలు వదిలేయండి, లోపలికి చూడండి అంటూ ఆ తొమ్మిదంకెల్ని మూడు మూడుగా విడగొట్టింది. అప్పుడు కనిపించింది. అవును, అప్పుడే కనిపించింది. మొదటి మూడూ, చివరి మూడూ రెండు సంఖ్యలనుకుని కూడితే నడిమి మూడూ వచ్చాయి. రెండు వైపులా ఇద్దరు పట్టుకుంటే మధ్యలో వల నిలిచినట్టు నిలిచింది ఆ సంఖ్య. ఇట్లా ఉండే సంఖ్య వెయ్యిన్నొకటితో శేషం లేకుండా పోతుంది, వెయ్యిన్నొకటి అంటే ఏడూ పదకొండూ పదమూడూ గుణించిందే, అందుకని ఏడుతో పోతుంది, పదకొండుతో పోతుంది, పదమూడుతో పోతుంది అని చెప్పింది. హెబ్రోను నమ్మలేదు. ఎడమచేత్తో ఫోను తీసి, లెక్కల మిషను తెరిచి, ఒక్కోదానితో భాగించి చూశాడు. "పోతుండాది వదినా! పదకొండుతో కూడా పోతుండాది! చుక్క కూడా లేదు చూడు!" వలలో ఎప్పుడూ చూడని చేప పడ్డట్టు అరిచాడు. చుక్క లేదట. దశాంశ బిందువు లేదని.

నాలుగు వందల పంతొమ్మిది. మన దేశపు పడవలన్నిటికీ మొదటి మూడూ అవే, దానివల్ల ఏమీ తెలియదు. నడిమివి ఆరు వందల డెబ్బై. ఇది మా పడవే అయితే, దుర్గ కళ్లు మూసుకుంది, మా పడవే అయితే ఆరు వందల డెబ్బైలోంచి నాలుగు వందల పంతొమ్మిది తీసేస్తే మిగిలేదే చివరి మూడంకెలు. రెండు వందల యాభై ఒకటి. రెండు, ఐదు, ఒకటి. తహీర్ రెండు అన్నాడు. ఐదు అన్నాడు. ఒళ్లంతా ఒక్కసారి చల్లబడింది, సంతోషంతో కాదు, భయంతోనే, ఇంతసేపూ ఎటూ దారిలేని భయం ఇప్పుడు ఒక సందు చూసుకుని లోపలికి వచ్చింది. ఆగు. వేరే దారిన వచ్చి చూడు. పిల్లలకు చెప్పేది అదే కదా, వచ్చిన జవాబును వేరే దారిన వచ్చి సరిచూడండి అని. అత్త టోటలు. నాలుగూ ఒకటీ తొమ్మిదీ పద్నాలుగు, ఆరూ ఏడూ పదమూడు, ఇరవై ఏడు, సున్నా పోగా రెండూ ఐదూ ఏడు, ముప్పై నాలుగు. అత్తకు వచ్చింది ముప్పై అయిదు. కావలసింది ఒకటి. ఇక్కడా ఒకటే. ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు సాక్షులు, తను చూసిన గుణం ఒకటి, అత్త భయపడ్డ శని ఒకటి, ఇద్దరూ ఒకే అంకె చెబుతున్నారు. తొమ్మిదో అంకె ఒకటి అయితే ఆ మునిగిపోతున్న పడవ మాది. మునిగిపోతున్న పడవ మాది కావాలని కోరుకునే గతి పట్టింది.

కానీ నిజంగా ఆ రోజు కనిపించింది అదేనా? నడిమిది రెండు పక్కల మొత్తమేనా, లేక తేడానా? ముప్పై అయిదా, నలభై నాలుగా? రెండింటికీ ఎనిమిదే వస్తుంది. మునిగేవాడికి గడ్డిపోచ కూడా దుంగలా కనిపిస్తుంది, జ్ఞాపకం కూడా భయానికి లొంగి, ఏది కావాలంటే అది తెచ్చి చేతిలో పెడుతుంది. తహీర్ అంకెలు చెప్పాక కదా ఇదంతా గుర్తొచ్చింది, ముందు రాలేదు కదా. అత్త ముప్పై అయిదు అన్న మాట, గరిటె పక్కన పెట్టిన చప్పుడు, హెబ్రోను పులుసు అంటిన వేలు ఎడమచేతి ఫోనుకు తగలకుండా పైకెత్తి పట్టుకోవడం, ఇవన్నీ నిజం, వాటి మధ్యలో ఉన్న లెక్క ఒక్కటే అబద్ధం ఎట్లా అవుతుంది. పక్కన అత్త కొంగు నోటికి అడ్డంగా పట్టుకుని కూర్చుంది. అత్త పక్కన గురవమ్మ, హెబ్రోను తల్లి. చర్చిలో చేరినప్పుడు పేరు మార్చుకోమంటే, నా పేరుకేం, గురవమ్మా అంటే దేవుడికి వినపడదా అని తనది అట్లాగే ఉంచుకుని బిడ్డకు మాత్రం బైబిల్లోని ఊరి పేరు పెట్టింది. ఎండుచేపల గంప ముందు కూర్చుని అందరినీ నవ్వించే మనిషి, ఇప్పుడు పెదాలు మాత్రం కదుపుతోంది. అటువైపు మిగతా రెండు పడవల ఆడవాళ్లు. చెబితే? ఈ పడవ మాదే అనిపిస్తోంది అని చెబితే? అత్తకు ప్రాణం వస్తుంది, గురవమ్మకు వస్తుంది, ఆ పక్క వాళ్లకు ఉన్న కాస్త ఆశా పోతుంది. అది మాదైతే వాళ్లది కాదు. ఆ తర్వాత తొమ్మిదో అంకె ఏ ఏడో నాలుగో అయితే, వీళ్లందరినీ రెండోసారి ముంచింది తనే అవుతుంది. చెప్పకూడదు. ఎవరికీ చెప్పకూడదు. దుర్గ లేచింది. గోడ పట్టుకుని వైర్‌లెస్ గది గడప దగ్గరికి వెళ్లి మెల్లిగా పిలిచింది.

"తహీరన్నా, ఆ చివరి అంకె మళ్లీ అడగతారా? ఫలానాదా అని అడగొద్దు. ఏదీ అని అడగండి."

తహీర్ హెడ్‌ఫోను ఒక చెవి మీంచి జరిపాడు. "మీకు తెలుసునా టీచరమ్మా నంబరు?"

"తెలీదు. ఒకటి అయితే మాదే అనిపిస్తా ఉంది. మీరు ఒకటా అని అడిగితే గాలిహోరులో ఆళ్లు ఏదన్నా ఔననేస్తారు. అందుకని."

అతను తల ఊపి మళ్లీ మైకు మీదికి వంగాడు. ఇంగ్లీషులో పిలిచాడు, ఆగాడు, పిలిచాడు. జవాబుగా నూనెలో నీళ్లు పడ్డ చప్పుడు.

దుర్గ గడప దగ్గరే నిలబడిపోయింది. ఎదురుగా కిటికీలోంచి సముద్రం, కలిపిన సిమెంటు రంగులో, ఎక్కడ నీళ్లు ఆగి ఎక్కడ మబ్బు మొదలవుతుందో తెలియకుండా ఉంది. కట్ట మీది సరుగుడు చెట్లు నడుములు విరిగి ఒకే దిక్కుకు పడున్నాయి. దూరంగా కృష్ణపట్నం పొగగొట్టాలు రెండు కనపడి, వానలో మాయమై, మళ్లీ కనపడుతున్నాయి. ఏడుతో మొదలుపెట్టింది. భయం వేస్తే చేతులకు పని చెప్పమనేది అమ్మ, తను తలకు చెబుతుంది. నలభై ఒకటిలో ఏడు ఐదుసార్లు, మిగిలింది ఆరు. అరవై తొమ్మిదిలో తొమ్మిదిసార్లు, మిగిలింది ఆరు. అరవై ఆరులో తొమ్మిదిసార్లు, మిగిలింది మూడు. బుచ్చిరెడ్డిపాలెంలో వడ్ల మధ్య పుట్టిన పిల్లవు, నీళ్లంటే మోకాలి లోతు మడి అనుకునేదానివి, సముద్రం మీద బతికేవాడితో ఎట్లా వేగుతావు అంది అమ్మ పెళ్లికి ముందు. ముప్పై ఏడులో ఐదు, మిగిలింది రెండు. కొత్తలో ఒకసారి సుబ్బు తనను పడవెక్కించి ఒడ్డు సన్నగీతలా కనపడేంత దూరం తీసుకుపోయాడు. కింద ఎంత లోతుంటుంది అని అడిగింది. "ఎన్ని బారలని అడగబాక. తాడు అందినకాడికే లోతు, ఆ కింద ఉండేదాంతో మనకు పనిలేదు" అని నవ్వాడు. ఆమెకు మాత్రం ఆ పనిలేని లోతే కాళ్లకింద చల్లగా కదిలింది. పడవ బల్ల ఒకటి, దాని మందం నాలుగు వేళ్లు, ఆ కింద లెక్క లేదు. ఇరవైలో రెండు, మిగిలింది ఆరు. అరవై రెండులో ఎనిమిది, మిగిలింది ఆరు. అరవై ఐదులో తొమ్మిది, మిగిలింది రెండు. చేతిలో రెండు, దాని పక్కన ఖాళీ. ఇరవై ఒకటైతే పోతుంది, సరే, కానీ ఇరవై ఎనిమిదైనా పోతుంది. ఏడు ఇద్దరిని రానిస్తుంది. ఒకటినీ రానిస్తుంది, ఎనిమిదినీ రానిస్తుంది. మళ్లీ ఎనిమిది. అత్త ఎనిమిది ఇక్కడికి కూడా వచ్చింది. ఛీ, ఏమిటిది, తను కూడా అంకెను చూసి భయపడే మనిషైపోయిందా, ఎనిమిదికి ఏం తెలుసు, ఎనిమిదికి కళ్లున్నాయా, అది సముద్రంలో పడవల్ని వెతుక్కుంటూ పోతుందా. పదమూడుతో చెయ్యి. పదమూడు ఇద్దరిని రానివ్వదు.

నలభై ఒకటిలో పదమూడు మూడుసార్లు, మిగిలింది రెండు. ఇరవై తొమ్మిది. ముప్పై ఆరు. పడవలో ఐదుగురు. నలుగుర్ని తీసుకున్నారట. ఈ మాట ఇంతసేపూ ఎక్కడుంది, తహీర్ మొదటే చెప్పాడు కదా నలుగుర్ని అని, అంకెల వెనక అది ఎట్లా దాక్కుంది. సుబ్బు, అత్త తమ్ముడు ముత్యాలయ్య, పులికాట్ వైపునుంచి పనికొచ్చిన అన్నదమ్ములు ఫ్రెడ్డీ, మోజెస్, ఇంజను దగ్గర హెబ్రోను. ఐదు. ఐదులోంచి నాలుగు పోతే. వద్దు, ముందు నూట ఏడులో పదమూడు ఎనిమిదిసార్లు, మిగిలింది మూడు, ముప్పైలో రెండు, నలభై రెండులో మూడు, ముప్పై ఐదులో రెండు, మిగిలింది తొమ్మిది. తొంభై ఒకటి. తొంభై ఒకటి ఒక్కటే పోతుంది. తొంభైల్లో ఇంకేదీ పోదు. ఒకటే, ఒకటే రావాలి. తనకు దేవుడి మీద పెద్ద నమ్మకం లేదు, అత్త మాలకొండ స్వామికి మొక్కితే తను బస్సు టైము చూసుకునేది, అట్లాంటిది ఇప్పుడు ఎవరికి మొక్కుతోందో తెలియకుండానే ఒకటి ఒకటి ఒకటి అని నాలుక మీద అరగదీస్తోంది. సంఖ్య ఎప్పుడో అయిపోయింది. ఎండాకాలంలోనే ఎవరో ఆఫీసులో కూర్చుని ఇచ్చేశారు, దాని చివరి అంకె ఏదో అది ఎప్పటినుంచో అదే, తను మొక్కితే మారదు, భయపడితే మారదు. జరిగిపోయిన దాని ముందు నిలబడి వణుకుతోంది. అక్కడ పడవలో కూడా అంతే, జరగవలసింది జరిగిపోయింది, మాట మాత్రం ఇంకా రాలేదు.

నూనెలో నీళ్ల చప్పుడు ఆగి ఒక గొంతు వచ్చింది, బావిలోంచి వచ్చినట్టు. తహీర్ వెంటనే వంగాడు. గొంతు మొదటి మూడంకెలు చెప్పింది. నడిమి మూడు చెప్పింది. టూ అంది. ఫైవ్ అంది. ఆ తర్వాత ఒక అంకె చెప్పింది. దుర్గకు దాని తోక మాత్రం వినిపించింది. న్. వన్ కావచ్చు. నైన్ కావచ్చు. సెవెన్ కూడా కావచ్చు. తహీర్ ఆమె వైపు చూశాడు, అతనికీ అంతే వినిపించిందని ఆ చూపులోనే తెలిసింది. మళ్లీ చెప్పమన్నాడు. ఎంతసేపు? ఊపిరి తీసుకోవడం మరిచిపోగలిగినంత సేపు. ఈసారి ఆ గొంతు, ఎవరో ఏ దేశం మనిషో, పసిపిల్లకు నేర్పుతున్నట్టు సాగదీసి చెప్పింది, వ అనే అక్షరం గుండ్రంగా వచ్చి గదిలో పడింది.

"ఒకటి," అన్నాడు తహీర్. "ఒకటి టీచరమ్మా."

మాదే. మా పడవే. నాలుగు ఒకటి తొమ్మిది, ఆరు ఏడు సున్నా, రెండు ఐదు ఒకటి. సుబ్బు పాట మొత్తం ఒక్కసారిగా చెవుల్లో మోగింది, అవును, ఇదే, రెండైదొకటీ అని దీర్ఘం తీసేవాడు చివర, ఇంతసేపూ ఎక్కడికి పోయింది ఈ పాట. దుర్గ తలుపు చెక్కను పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి తనది కానట్టు ఉంది. సంతోషించాల్సిన క్షణం ఇదే అయ్యుండాలి, కానీ అది నిలబడడానికి చోటు లేదు, ఆ చోట అప్పటికే నాలుగు వచ్చి కూర్చుంది. ఐదులో నాలుగు. ఇంతసేపూ ఆమెకు ఒక లెక్క ఉంది, పట్టుకోవడానికి ఒక తాడు ఉంది, ఎక్కడ ఏమి తీసెయ్యాలో ఏది మిగలాలో తెలుసు. ఐదుగురిలో ఎవరు నలుగురో చెప్పే గుణం ఏ సంఖ్యకూ లేదు.

"పేర్లు అడగతా. ఆళ్ల ఇంగ్లీషు నాకు సరిగ్గా చిక్కడంలా, మీరూ లోపలికి రాండి, ఇద్దరం విందాం" అని తహీర్ స్టూలు జరిపాడు. ఆమె కూర్చోలేదు. వరండాలోంచి అత్త పిలిచింది, "ఏందే దుర్గా, ఏమంటుండారు?" "పేర్లు అడగతా ఉండారత్తా" అంది వెనక్కి తిరగకుండా. తిరిగితే మొహం చదివేస్తుంది.

పేర్లు ఒక్కోటి వచ్చాయి. రెండు ఓడలు దాటి, రెండు పరాయి నాలుకలు దాటి, అరిగిపోయి వచ్చాయి. మొదటిది ముత్యాల్ అని వచ్చింది. ముత్యాలయ్య. పెద్దవాడు, అందరికన్నా బలహీనుడు, అతనే ఉన్నాడంటే అందరూ ఉన్నట్టే కదా అనుకుంది, కాదు, నలుగురే. ఫ్రెడ్డీ. ఈ పేరు ఆ గొంతుకు అలవాటైనది కాబోలు, శుభ్రంగా వచ్చింది. తర్వాత మోజెస్. ఇక ఒక్క చోటు మిగిలింది. ఇద్దరు మనుషులు మిగిలారు. ఆ ఒక్క క్షణం, గొంతు నాలుగో పేరు కోసం ఊపిరి తీసుకున్న క్షణం, దుర్గ మనసులో వచ్చిన మాట సుబ్బు అని. హెబ్రోను వద్దు అని రాలేదు, సుబ్బు కావాలి అని వచ్చింది. రెండూ ఒకే మాటని ఆమె కన్నా బాగా ఎవరికి తెలుసు. రెండు పేర్లు, ఒక చోటు, ఒకటి ఉంచితే ఒకటి తీసేసినట్టే. పెద్దగా అరిచి కోరుకుంది లోపల. పులుసు ముందు కూర్చుని చుక్క కూడా లేదు వదినా అన్నవాడి మొహం ఎదురుగా కనపడుతుండగానే కోరుకుంది, కళ్లు మూసుకుని కోరుకుంది, అతను చూడకుండా.

సుబ్రమణ్యం, అంది గొంతు.

కాళ్లలోకి రక్తం వెచ్చగా దిగింది. ఒళ్లు సంతోషపడింది, ఆమెను అడగకుండా, పశువులా. గొంతు ఇంకా ఏదో చెబుతోంది. ఒక్కో ముక్కా తహీర్ పక్కనే తెలుగులో గొణుగుతున్నాడు, ఆమెకు అర్థమవుతున్నా గొణుగుతున్నాడు, తను నమ్మడానికి కాబోలు. "తెగిన వలతాడు పడవ కింద పంకాకు చుట్టుకున్నాదంట. ఇంజను ఆగిపోయినాదంట. కత్తి తీసుకుని ఒకడు నీళ్లలోకి దిగినాడంట. తాడు కోసినాడంట. పైకి రాలేదంట." ఆ తర్వాత ఇంజను మళ్లీ అందుకుని పడవ అలలకు ఎదురు తిరిగి నిలబడగలిగిందట, నిలబడబట్టే ఓడ వచ్చేదాకా తేలిందట. తహీర్ హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. జనరేటరు దగ్గింది. "టీచరమ్మా, మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెప్తా."

గదిలోంచి వరండాలోకి గడప ఒకటే అడ్డం. ఆ గడప ముందు దుర్గకు వేసినంత భయం ఉదయం నుంచీ వెయ్యలేదు. సుబ్బు లేడేమో అన్న భయం ఆమె ఒక్కదాన్నే తినేది, ఇది అట్లాంటిది కాదు, దీన్ని చేతుల్లో పెట్టుకుని తీసుకుపోయి ఇంకో మనిషి ఒళ్లో పెట్టాలి. మొహాన్ని ఎట్లా పెట్టుకోవాలి? ఏడిస్తే అత్త గుండె ఆగుతుంది. ఏడవకపోతే గురవమ్మకు ఏం అర్థమవుతుంది? బయటికి వచ్చింది. అత్త ఒక్క చూపులో చదివేసింది, చదివి, కొంగు నోట్లో కుక్కుకుని, "ఉండాడు, నా బిడ్డ ఉండాడు" అంటూ ముందుకు వాలిపోయింది. మిగతా రెండు పడవల ఆడవాళ్లు మొహాలు తిప్పుకున్నారు, వాళ్లకు కావలసిన మాట ఇది కాదు. గురవమ్మ లేచి నిలబడింది. చీర కుచ్చెళ్లు సర్దుకుంది, ఎవరో మంచి కబురు తెస్తుంటే ఎదురెళ్లేటప్పుడు సర్దుకున్నట్టు. నవ్వుతోంది కూడా.

"పేర్లు చదివినారంట గదమ్మా. మావాడిది ఎన్నో పేరు?"

దుర్గ ఆమె రెండు చేతులూ పట్టుకుని, తనతో పాటు తడినేల మీద కూర్చోబెట్టింది. "నాలుగే పేర్లు చెప్పినారు పెద్దమ్మా. మన హెబ్రోను పేరు చెప్పలేదు. పంకాకు తాడు చుట్టుకుంటే కొయ్యడానికి దిగినాడంట. కోసినాడంట. మళ్లీ పైకి రాలేదంట." తన గొంతు క్లాసులో పాఠం చెప్పే గొంతులాగే ఉండడం ఆమెకే వినిపించింది, ఇంకో గొంతు లేదు ఆ క్షణంలో.

గురవమ్మ ఏడవలేదు. వినపడని దాన్ని మర్యాదకు విన్నట్టు తల ఊపింది. ఊపి, దుర్గ వైపు జరిగి, పక్కవాళ్లు వినకూడదన్నట్టు గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు అడిగింది.

"నీకు లెక్కలు బాగా వచ్చు గదా బిడ్డా. ఇంకోసారి చూడు. యాడో ఒకటి తప్పిపోయుంటాది."

చూసింది దుర్గ. చూడకుండా ఎట్లా ఉంటుంది. ఆమె ముందు అరచెయ్యి తెరిచి, ముత్యాలయ్య అని చిటికెనవేలు మడిచింది. ఫ్రెడ్డీ అని దాని పక్కది. మోజెస్ అని నడిమివేలు. సుబ్బు అని చూపుడువేలు మడిచింది. బొటనవేలు మిగిలింది. గురవమ్మ రెండు చేతులతో దాన్ని పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే, దుర్గకు నొప్పి పుట్టింది. అయినా లాక్కోలేదు, గురవమ్మ మటుకు ఆ ఒక్క వేలిని మడవనివ్వలేదు.